నాలుగు కొలతలకు ఎంత విలువ?

విలియం సీలీ గాసెట్ 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో బ్రూవర్‌గా చేరాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లో రసాయనశాస్త్రం, గణితం చదివాడు. బీరు కాచడాన్ని అనుభవజ్ఞుల నాలుకకూ ముక్కుకూ వదిలేయకుండా శాస్త్రంగా మార్చాలని గిన్నిస్ యాజమాన్యం అలాంటి పట్టభద్రులను వరసగా ఉద్యోగంలోకి తీసుకుంటున్న రోజులవి. ప్రయోగశాలలో పరీక్షలు పెరిగాయి, వాటితో పాటే ఒక చిక్కు కూడా వచ్చింది. ఒకే మాల్ట్‌ను రెండుసార్లు పరీక్షిస్తే రెండు జవాబులు వచ్చేవి.

బార్లీని మొలకెత్తించి ఆరబెడితే మాల్ట్ అవుతుంది. వేడినీళ్లలో అందులోంచి ఎంత చక్కెర సారం దిగుతుందో తెలియకపోతే బ్రూవర్‌కు పని సాగదు. కొలతకూ కొలతకూ తేడా వస్తుంటే ఏ అంకెను నమ్మాలి? 1904లో యాజమాన్యానికి ఇచ్చిన నివేదికలో గాసెట్ ఈ ప్రశ్నను పందెం భాషలోకి మార్చాడు. సారం కొలతలో అర డిగ్రీకి మించి తప్పు ఉండదని 10కి 1 పందెం కాయాలంటే ఎన్నిసార్లు పరీక్షించాలి? నాలుగుసార్లని లెక్క తేలింది.

ఆ లెక్క తేలడానికి ఒక సౌకర్యం కలిసొచ్చింది. మాల్ట్ సారం కొలతలు ఎంతగా అటూ ఇటూ అవుతాయో పాత రికార్డుల వల్ల ముందే తెలుసు. కొత్త రకం బార్లీనో, కొత్త ఎరువునో పొలంలో పరీక్షించినప్పుడు ఆ సౌకర్యం ఉండదు. పంట ఏడాదికి ఒక్కసారే వస్తుంది, చేతికొచ్చేవి నాలుగైదు అంకెలే. వాటినుంచే సగటు తీయాలి, ఆ సగటును ఎంత నమ్మవచ్చో కూడా వాటినుంచే చెప్పాలి. గాసెట్ చేతిలో ఉన్న పుస్తకాలు ఇక్కడే చేతులెత్తేశాయి.

కొలకర్రే సాగితే

ఒక వస్తువును పదేపదే కొలిస్తే వచ్చే అంకెలు ఒక విలువ చుట్టూ గుమిగూడతాయి. అవి సగటు నుంచి సాధారణంగా ఎంత దూరంలో ఉంటాయో చెప్పేది ప్రామాణిక విచలనం. ఎక్కువసార్లు కొలిచిన కొద్దీ సగటు స్థిరపడుతుంది, కానీ నిదానంగా. సగటులోని అనిశ్చితి కొలతల సంఖ్యకు వర్గమూలం లెక్కన తగ్గుతుంది. అనిశ్చితి సగం కావాలంటే నాలుగు రెట్లు కొలవాలి. ఇదంతా గాస్, లాప్లాస్ కాలం నుంచీ తెలిసినదే. సగటుకు అటు 1.96, ఇటు 1.96 ప్రామాణిక దోషాలు తీసుకుంటే అసలు విలువ 95 శాతం సార్లు ఆ హద్దుల్లోనే ఉంటుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ప్రామాణిక విచలనాన్ని కొలతల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వచ్చేదే ప్రామాణిక దోషం.

ఈ సూత్రంలో ఒక షరతు దాగుంది. ప్రామాణిక విచలనం అసలు విలువ మనకు ముందే తెలిసి ఉండాలి. వెయ్యి కొలతలుంటే వాటినుంచి తీసిన అంచనా అసలుకు చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి గొడవ లేదు. నాలుగే ఉంటే ఆ అంచనా కూడా ఊగిపోతుంది. సాగే రబ్బరు టేపుతో గుడ్డ కొలిచి, గజాల లెక్క పైసల దాకా వేసినట్టు ఉంటుంది.

టేపు ఎంత సాగుతుందో ఒక అసలు ఉదాహరణలో చూద్దాం. అమెరికాలో కష్నీ, పీబుల్స్ అనే శాస్త్రజ్ఞులు పదిమంది రోగులకు నిద్రమందులిచ్చి, ఎవరు ఎన్ని గంటలు అదనంగా నిద్రపోయారో 1905లో ప్రచురించారు. రెండు మందుల మధ్య ఒక్కో రోగి నిద్రలో కనిపించిన తేడా, గంటల్లో, ఇది: 1.2, 2.4, 1.3, 1.3, 0.0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. సగటు 1.58, ప్రామాణిక విచలనం 1.23.

ఇప్పుడు మన దగ్గర మొదటి నలుగురి వివరాలే ఉన్నాయనుకుందాం. ప్రామాణిక విచలనం 0.57 వస్తుంది. చివరి నలుగురే ఉంటే 1.68. మందులు అవే, ఆసుపత్రి అదే, కొలిచిన పద్ధతీ అదే. అయినా ఒక నలుగురిని బట్టి చూస్తే కొలతలు చాలా నిలకడగా ఉన్నాయనిపిస్తుంది. మరో నలుగురిని చూస్తే మూడు రెట్ల గందరగోళం కనిపిస్తుంది. ఇందులో వింతేమీ లేదు. కొలతలు గంట ఆకారపు వక్రరేఖను అనుసరించినా, నాలుగింటి నుంచి తీసిన ప్రామాణిక విచలనంలో దాదాపు 42 శాతం అనిశ్చితి ఉంటుంది. పదింటితో అది 24 శాతానికి తగ్గుతుంది, 10 శాతానికి దింపాలంటే 50 కొలతలు కావాలి.

పైగా ఈ ఊగిసలాట రెండు వైపులా సమానం కాదు. నాలుగు కొలతలతో తీసిన ప్రామాణిక విచలనం అసలు దానికన్నా తక్కువగా రావడానికి 61 శాతం అవకాశం ఉంది. రెండే కొలతలైతే 68 శాతం. ప్రామాణిక విచలనం తీసేటప్పుడు, సగటు నుంచి తేడాల వర్గాల మొత్తాన్ని కొలతల సంఖ్యతో కాకుండా అందులోంచి ఒకటి తగ్గించి భాగించాలని కాలేజీలో నేర్చుకుంటాం. ఆ సవరణ చేశాక కూడా పరిస్థితి ఇదే. చిన్న నమూనా తరచూ మనల్ని మెచ్చుకుంటూ మాట్లాడుతుంది. అంకెలు ఒకదానికొకటి దగ్గరగా పడితే పని శుభ్రంగా చేశామని పొంగిపోతాం. అది అదృష్టం కూడా కావచ్చు.

3,000 అట్టముక్కలు

గాసెట్ 1905లో కార్ల్ పియర్సన్‌ను కలిశాడు. మరుసటి ఏడాది కంపెనీ అనుమతితో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆయన ప్రయోగశాలకు వెళ్లాడు. గణాంకశాస్త్రంలో అప్పుడు పియర్సనే పెద్దదిక్కు. ఆయనకు వందలు, వేల కొలతలు పోగుచేసి పని చేయడం అలవాటు కాబట్టి నాలుగు అంకెల బాధ ఆయనను తాకలేదు. ఇంత చిన్న నమూనాలతో పని చేసేది అల్లరి బ్రూవర్లేనని 1912లో గాసెట్‌కు రాసిన ఉత్తరంలో వేళాకోళమాడాడు కూడా.

బ్రూవర్‌కు మాత్రం అదే రోజువారీ పని. సగటులోని తప్పును, అదే నమూనా నుంచి తీసిన ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఎలా విస్తరిస్తుందో గాసెట్ గణితంతో ఊహించాడు. పూర్తి రుజువు చేతికి రాలేదు. అందుకని పరీక్ష పెట్టాడు. ఇంగ్లండ్ పోలీసులు సేకరించిన 3,000 మంది నేరస్థుల ఎత్తు, ఎడమచేతి నడిమివేలి పొడవు అప్పటికే ఒక పరిశోధన పత్రంలో అచ్చయి ఉన్నాయి. ఆ అంకెలను 3,000 అట్టముక్కల మీద రాశాడు, బాగా కలిపాడు, ఒక్కొక్కటీ తీస్తూ వరసగా నాలుగేసి చొప్పున 750 జట్లు కట్టాడు. ప్రతి జట్టుకూ సగటు, ప్రామాణిక విచలనం, నిష్పత్తి చేత్తో లెక్కగట్టాడు. కంప్యూటరు క్షణంలో చేసే పనిని అట్టముక్కలతో చేశాడన్నమాట. తన సూత్రం చెప్పిన వక్రరేఖ, అట్టముక్కలు చెప్పినది చాలావరకు కలిశాయి.

1908 మార్చిలో ‘బయోమెట్రికా’ పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. రచయిత పేరు ‘స్టూడెంట్’. వ్యాపార రహస్యాలు బయటికి పొక్కుతాయని గిన్నిస్ తన ఉద్యోగులను సొంత పేర్లతో ప్రచురించనిచ్చేది కాదు. అందుకే నేటికీ ఆ వక్రరేఖను స్టూడెంట్ పేరుతోనే పిలుస్తున్నాం. నిద్రమందుల అంకెలను ఉదాహరణగా వాడిందీ ఆ వ్యాసంలోనే. ఆ తర్వాత కొన్నేళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. రోనాల్డ్ ఫిషర్ అనే యువ గణితజ్ఞుడు 1912లో గాసెట్‌కు పూర్తి రుజువు పంపాడు. నేడు వాడే రూపాన్ని, టీ అన్న గుర్తును స్థిరపరచి పుస్తకాల ద్వారా ప్రపంచమంతా వ్యాపింపజేసిందీ అతనే.

ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు, కేంబ్రిడ్జికి వెళ్లకముందే, 1945లో, ఇదే ప్రశ్నను మరో చివర నుంచి పట్టుకున్నాడు. ఇన్ని కొలతలే ఉన్నప్పుడు, ఒక వైపు మొగ్గని పద్ధతుల్లో ఎంత తెలివైనదాన్ని వాడినా అనిశ్చితి ఎంత కన్నా కిందికి దిగదు? ఆ అట్టడుగు హద్దును నేడు క్రామర్–రావు అసమానత అంటారు. కొద్దిపాటి సమాచారం నుంచి ఎంత పిండినా అందులో లేనిది రాదన్న ఇంగితానికి అది గణితరూపం.

పట్టిక చెప్పే ధర

గాసెట్ సవరణను వాడటం సులువు. 1.96 బదులు అంతకన్నా పెద్ద అంకెతో హెచ్చించాలి. ఎంత పెద్దదన్నది కొలతల సంఖ్యను బట్టి ఉంటుంది. 95 శాతం నమ్మకానికి రెండు కొలతలుంటే ఆ అంకె 12.71. మూడైతే 4.30, నాలుగైతే 3.18, ఐదైతే 2.78, పదైతే 2.26. ముప్పై దాటితే పాత 1.96కి ఇంచుమించు చేరిపోతుంది. మనకు ప్రామాణిక విచలనం సరిగ్గా తెలియనందుకు చెల్లించే ధర ఇది.

ధర ఎగ్గొడితే ఏమవుతుంది? రెండు కొలతలకు 1.96నే వాడి ‘95 శాతం నమ్మకం’ అని రాస్తే నిజానికి దక్కేది 70 శాతమే. మూడు కొలతలతో 81, ఐదింటితో 88. నిద్రమందుల దగ్గరికి వెళితే, చివరి నలుగురి సగటు 2.15 గంటలు. 1.96తో లెక్కిస్తే తేడా 0.50 నుంచి 3.80 గంటల మధ్య ఉంటుందని వస్తుంది, అంటే ఒక మందు కచ్చితంగా మెరుగనిపిస్తుంది. 3.18తో లెక్కిస్తే హద్దులు మైనస్ 0.53 నుంచి 4.83 దాకా సాగుతాయి. సున్నా కూడా లోపలే ఉంది కాబట్టి ఏదీ తేల్చలేం. పదిమందినీ తీసుకుంటే 0.70 నుంచి 2.46 వస్తుంది, అప్పుడు తేడా ఉందని చెప్పవచ్చు.

పట్టిక మీద నమ్మకం కుదరనివాళ్లకు సూత్రం అక్కర్లేని దారి ఒకటుంది. ప్రతి కొలతా అసలు విలువకు పైన పడటానికీ కింద పడటానికీ సమాన అవకాశం ఉందనుకుందాం. రెండుసార్లు కొలిస్తే అసలు విలువ ఆ రెండింటి మధ్య ఉండే అవకాశం ఎంత? రెండూ పైనే పడటం పావు వంతు, రెండూ కిందే పడటం పావు వంతు. మిగిలింది సగం. అంటే 50 శాతం. మూడు కొలతల్లో అతి చిన్నదానికీ అతి పెద్దదానికీ మధ్య ఉండే అవకాశం 75, నాలుగింటికి 87.5, ఐదింటికి 93.75, ఆరింటికి దాదాపు 97 శాతం. నాణెం ఎగరేసినంత తేలిక లెక్క. రెండు రీడింగులు చూసి ‘విలువ ఈ రెండింటి మధ్యే ఉంది’ అనేవాళ్లు నిజానికి బొమ్మా బొరుసూ ఆడుతున్నారు.

పట్టికలోంచి ఒక లాభదాయకమైన సంగతి కూడా తెలుస్తుంది. హద్దుల సగం వెడల్పు రెండు కొలతలకు ప్రామాణిక విచలనానికి 9 రెట్లు, మూడింటికి 2.5 రెట్లు, నాలుగింటికి 1.6, పదింటికి 0.7. మూడో కొలత తెచ్చినంత లాభం ఆ తర్వాతి ఏ ఒక్క కొలతా తేలేదు. ఓపిక లేక రెండింటితో ఆపేసేవాళ్లు ఇంకొక్కటి కొలిస్తే చాలు, ఫలితం మారిపోతుంది.

పట్టికకు అందనివి

అయితే ఈ పట్టిక దేనికి పూచీ పడుతుందో, దేనికి పడదో తెలియాలి. కొలతలు గంట వక్రరేఖలో ఉన్నాయన్నది దాని మూలాధారం. పది అంకెల్లో ఆ సంగతి నిర్ధారించడం దాదాపు అసాధ్యం. నిద్రమందుల జాబితాలో 4.6 గంటలు పొరపాటా, ఆ రోగికి మందు బాగా పట్టిందా? అంకెలు చూసి చెప్పలేం. అడ్డుగా ఉందని కొట్టేస్తే ప్రామాణిక విచలనం అందంగా తగ్గుతుంది, నిజం మాత్రం అక్కడే ఉండిపోతుంది. కొట్టేయడానికి రికార్డులో కారణం కనిపించాలి.

రెండోది పరికరం చదవగలిగే అతి చిన్న మేర. నేరస్థుల ఎత్తులను అంగుళాల లెక్కన గుత్తులుగా చేశారు కాబట్టి, నాలుగు అట్టముక్కలూ ఒకే అంకె చూపే జట్లు గాసెట్‌కు తగిలాయి. వాటి ప్రామాణిక విచలనం సున్నా. డిజిటల్ త్రాసు మూడుసార్లూ 12.46 గ్రాములే చూపితే అనిశ్చితి సున్నా అనలేం కదా. 12.455కీ 12.465కీ మధ్య ఎక్కడున్నా త్రాసు అదే చూపిస్తుంది. అందుకే ఆ 0.005 గ్రాముల అర్ధ వెడల్పును √3తో భాగించి, సుమారు 0.003 గ్రాములను అనిశ్చితిగా తీసుకుంటారు. 1993లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ప్రచురించిన అనిశ్చితి మార్గదర్శి ఈ రెండు దారులకూ సమాన గౌరవమిచ్చింది. పదేపదే కొలిచి తీసినది ఎ-రకం. పరికరం పత్రాలు, అమరిక ధ్రువపత్రాలు, పాత అనుభవం నుంచి తీసినది బి-రకం. నాలుగు కొలతల గణాంకం 42 శాతం ఊగుతున్నప్పుడు, ఆలోచించి వేసిన బి-రకం అంచనా దానికేమీ తీసిపోదు.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. త్రాసే తప్పు చూపుతుంటే వెయ్యిసార్లు తూచినా ఆ తప్పు బయటపడదు, అన్ని కొలతలూ కలిసికట్టుగా ఒకే పక్కకు జరుగుతాయి. న్యూటన్ గురుత్వాకర్షణ స్థిరాంకమే సాక్ష్యం. ఆరితేరిన ప్రయోగశాలలు తమ తమ ఫలితాలను అతి సన్నని హద్దులతో ప్రకటించాయి. ఆ హద్దులు ఒకదానితో ఒకటి కలవవు. పరికరం మార్చి, పద్ధతి మార్చి, మనిషిని మార్చి కొలిస్తే తప్ప ఇలాంటి దోషం చిక్కదు.

తక్కువతోనే గట్టెక్కే దారులు

ఎక్కువ కొలతలు వీలుకానప్పుడు మంచి ప్రయోగశాలలు పాత రికార్డులను ఆశ్రయిస్తాయి. ఒకే పద్ధతిలో ఏడాదిగా చేసిన జంట పరీక్షల తేడాలన్నీ కలిపితే ఆ పద్ధతి ప్రామాణిక విచలనం గట్టిగా తెలుస్తుంది. ఇవాళ్టి నమూనాకు రెండే కొలతలున్నా 12.71తో హెచ్చించే అవసరం తప్పుతుంది. పద్ధతి, పరికరం, నమూనా రకం మారకుండా ఉండాలన్నదే షరతు. గాసెట్ 1904లో మాల్ట్‌కు నాలుగు పరీక్షలు చాలన్నది ఈ బలంతోనే.

జత కట్టడం మరో దారి. నిద్రమందుల ప్రయోగంలో రెండు మందులూ ఒకే రోగికి ఇచ్చారు. కొందరు సహజంగానే ఎక్కువ నిద్రపోతారు, కొందరు తక్కువ. తేడాలు మాత్రమే చూస్తే ఆ వైవిధ్యం రద్దయిపోతుంది. రెండు వంగడాలను పక్కపక్క చాళ్లలో వేసి పోల్చడం వెనకున్న తర్కమూ ఇదే. గాసెట్ దీన్ని చివరిదాకా గట్టిగా సమర్థించాడు, ఆ విషయంలో ఫిషర్‌తో వాదానికి కూడా దిగాడు.

ఇక ఫలితం రాయడంలో నిగ్రహం. ఐదు కొలతల అనిశ్చితిలోనే 36 శాతం అనిశ్చితి ఉన్నప్పుడు దాన్ని 0.2347 అని రాయడం బడాయి. 0.23 చాలు. ఎన్ని కొలతల నుంచి వచ్చిందో పక్కన రాస్తే చదివేవాడికి నిజంగా మేలు.

హద్దు మీద నిలిచిన అంకె

ఇదంతా ప్రయోగశాలల గొడవ అనుకోనక్కర్లేదు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. ఒక రాశిలో మూడు చోట్ల గింజలు తీసి మీటరులో పెడితే 16.6, 17.1, 17.3 వచ్చాయనుకుందాం. సగటు సరిగ్గా 17.0. ప్రామాణిక విచలనం 0.36. మూడు కొలతల ధర 4.30 కట్టి లెక్కిస్తే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది రాశి తేమ 16.1కీ 17.9కీ మధ్య ఎక్కడో ఉందని మాత్రమే. మీటరు సొంత తప్పు ఇంకా ఇందులో కలవలేదు. ఒకే పిడికెడు గింజలను మూడుసార్లు మీటరులో పెడితే అంకెలు మరింత దగ్గరగా వస్తాయి. కానీ అది రాశిని మూడుసార్లు కొలిచినట్టు కాదు, ఆ పిడికెడునే మూడుసార్లు చదివినట్టు. పై పొరలో ఎండిన గింజలకూ అడుగున చెమ్మగా ఉన్న గింజలకూ మధ్య తేడా అందులో కనిపించదు.

అలాంటప్పుడు ‘ఆరలేదు, తిరిగి ఎండబెట్టు’ అనడానికి ఆధారం ఎంత? ‘సరిపోయింది, తీసుకోండి’ అనడానికి ఎంత? రెండింటికీ ఇంచుమించు సమానమే. ఇక్కడ గణితం తన పని ముగించి పక్కకు తప్పుకుంటుంది. హద్దు మీద నిలిచిన అంకెకు నష్టాన్ని ఎవరు భరించాలన్నది మనుషులు ముందే కూర్చుని తేల్చుకోవలసిన నియమం. అనుమానం ఉంటే అమ్మేవాడికి అనుకూలమా, కొనేవాడికా? ఒక ఫలితం ప్రమాణానికి సరిపోయిందని ప్రకటించే ప్రయోగశాలలు, అనిశ్చితిని లెక్కలోకి తీసుకునే నిర్ణయ నియమం ఏదో స్పష్టం చేయాలని 2017 నాటి ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రమాణం అడుగుతోంది. అలాంటి నియమం లేనిచోట కూడా నిర్ణయం జరుగుతూనే ఉంటుంది, కాకపోతే మీటరు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల వైపు జరుగుతుంది. మూడు చోట్ల కాక ఆరు చోట్ల గింజలు తీయమని అడిగే రైతుకు లెక్కరీత్యా పూర్తి న్యాయం ఉంది. కొలతలో వచ్చిన తేడా ఇంతే ఉంటే, ఆ మూడు అదనపు పిడికిళ్లతో హద్దుల వెడల్పు సగానికన్నా తక్కువవుతుంది.